పచ్చిక తివాచీ పుట్టుపూర్వోత్తరాలు

ఇంటి ముందు గడ్డి మొలవడం మన పెద్దల దృష్టిలో మంచి గుర్తు కాదు. వాకిట్లో గడ్డి మొలిచిందంటే ఆ ఇంట మనుషులు లేరనో, ఉన్నా సాయంత్రం దీపం పెట్టే దిక్కు లేదనో అర్థం. తెల్లవారకముందే ఊడ్చి, కళ్ళాపి చల్లి, ముగ్గు పెట్టిన నేల కనబడాలి. సంసారం నడుస్తున్న ఇంటికి అదీ లక్షణం. గడ్డికి చోటు పొలం గట్టున, చెరువు కట్ట మీద, పశువుల దొడ్డి పక్కన. అటువంటి మనవారు ఈనాడు బెంగుళూరులో గాని, చెన్నైలో గాని, పూనాలో గాని ఇల్లు కట్టుకొంటే, ముందు పది అడుగుల నేల మిగిల్చి, నర్సరీ నుండి గడ్డి పలకలు తెప్పించి పరిపించి, పూట పూటా నీళ్ళు పట్టించి, వచ్చిన చుట్టాలను దాని మీద నడవవద్దని బ్రతిమాలుకొంటున్నారు. ఈ మార్పు ఒక్క తరంలో వచ్చినది కాదు. దీని వెనుక సుమారు మూడు వందల సంవత్సరాల చరిత్ర ఉన్నది. అందులో అధిక భాగం నీటి చరిత్ర.

ఇంగ్లీషువారి "లాన్" అనే మాటకు మొదటి అర్థం అడవి నడుమ చెట్లు లేని బయలు. గొర్రెలు మేసి మేసి నున్నగా చేసిన నేల అది. పదిహేడవ శతాబ్దంలో ఫ్రాన్సు రాజు పదునాలుగవ లూయీ తన వెర్సాయి ఉద్యానవనంలో పచ్చ తివాచీ అనే పేరుతోనే ఒక పొడుగాటి గడ్డి బాట వేయించాడు. పద్దెనిమిదవ శతాబ్దంలో లాన్సెలాట్ బ్రౌన్ అనే తోటల శిల్పి ఇంగ్లండులో జమీందారుల భవనాల చుట్టూ ఉన్న పూలమడులను తీసివేయించి, గుమ్మం దగ్గరనుండి కనుచూపు మేర పచ్చికే ఉండేటట్లు చేశాడు. ఆ పచ్చికను కొయ్యడానికి కొడవళ్ళు పట్టిన కూలీలు తెల్లవారుజామున మంచు ఆరకముందే వరుసగా నడిచేవారు. పంట పండని నేలను అంత విస్తారంగా ఉంచుకొని, దానిని కోయించడానికి కూలి ఇవ్వగలగడమే ఆనాటి గొప్పతనం. సామాన్యుడికి ఆ వైభవం అందుబాటులోకి తెచ్చినది ఎడ్విన్ బడ్డింగ్. ఉన్ని బట్ట మీద నూగు కత్తిరించే మరను చూసి, అదే పద్ధతిలో గడ్డి కోసే యంత్రాన్ని తయారుచేసి 1830లో పేటెంటు పుచ్చుకొన్నాడు. ఆ తరువాత ఇరవై గజాల స్థలమున్న గుమాస్తా కూడా ఆదివారంనాడు చిన్న జమీందారు కాగలిగాడు.

ఇందులో ఇంగ్లండువారి ప్రజ్ఞ కంటె వారి మబ్బుల ప్రజ్ఞ ఎక్కువ. ఒక లెక్క చెబితే చదువరులు ఆశ్చర్యపోవచ్చును. లండను నగరంలో ఏడాదికి కురిసే వాన సుమారు 600 మిల్లీమీటర్లు. మన అనంతపురంలో సుమారు 550. బెంగుళూరులో 950 పైచిలుకు! ఈ అంకెలే చూస్తే లండనుకూ అనంతపురానికీ భేదం స్వల్పం, బెంగుళూరు ఆ రెంటికీ అన్న. కాని లండనులో ఆ వాన పన్నెండు నెలలూ కొంచెం కొంచెంగా తుంపరలు పడుతుంది, ఎండ బలహీనం, పడిన తడి నేలలోనే నిలుస్తుంది. అనంతపురంలో వాన సంవత్సరంలో కొద్ది రోజులే. తక్కిన రోజులలో ఎండా గాలీ కలిసి ఉన్న తడిని కూడా లాగుకొనిపోతాయి. బెంగుళూరులోనూ పుష్యం నుండి చైత్రం దాకా చినుకు అరుదు. అక్కడ ఆకాశం చేసే పనిని ఇక్కడ మనిషి బాల్చీతోనో, గొట్టంతోనో చేయవలసి వచ్చింది. తక్కిన కథ అంతా ఇందులోనుండే పుట్టినది.

మనదేశంలో తోటలు లేకపోలేదు. మొగలాయీల చార్‌బాగులలో కాలువలు, పండ్లచెట్లు, పూలమడులు ప్రధానం. గొరిగిన గడ్డి ప్రధానం కాదు. ఇప్పుడు మనం తాజమహలు ముందు చూస్తున్న పచ్చిక, 1899 నుండి 1905 దాకా రాజప్రతినిధిగా ఉన్న కర్జను కాలంలో జరిగిన మరమ్మతుల ఫలం. షాజహాను చూచిన తోట అది కాదు. బెంగుళూరు లాల్‌బాగును 1760లో హైదరాలీ ప్రారంభించాడు, టిప్పు పెంచాడు. శ్రీరంగపట్నం పడిపోయిన మరుసటి ఏడు, అంటే 1800లో, కంపెనీవారి పక్షాన ఈ ప్రాంతాలు పరిశీలించిన ఫ్రాన్సిస్ బుకానన్ ఆ తోటలను చూశాడు. చతురస్రాకారపు మడులు, వాటి మధ్య నడకదారులు, దారులకు రెండు ప్రక్కలా సరుగుడు వంటి సైప్రసు చెట్లు, ఒక్కొక్క మడిలో ఒక్కొక్క జాతి మొక్క అని వర్ణించాడు. ఈ తోటల ముఖ్యమైన లోపం నీటి కొరత అని కూడా వ్రాసిపెట్టాడు. హైదరు తోటకు కపిలతో నీరు తోడేవారట. కపిల అంటే రాయలసీమవారికి వేరే చెప్పనక్కరలేదు. ఎద్దులు, మోకు, తోలు బాన, ఏటవాలు బాట. ఎద్దుల చెమటతో పైకి వచ్చే నీటిని ఎవరూ గడ్డికి పొయ్యరు. మామిడికో, ద్రాక్షకో, కూరపాదుకో పోస్తారు.

గడ్డికి నీరు పోసే అలవాటు 1809లో దండు వెలసిన తరువాత వచ్చినది. దొరల బంగళా చుట్టూ విశాలమైన ఆవరణ, ముందు పచ్చిక, పచ్చిక మీద సాయంత్రం తేనీరు. ఇంటికి దూరమైన మనిషి ఇంటి ముందు నేలనైనా వెంట తెచ్చుకోవాలనుకొంటాడు. వలస వచ్చిన మనకు ఆ కోరిక తెలియనిది కాదు. మన పెరళ్ళలో గోంగూర మళ్ళకు కారణం అదే గదా! వారు గోంగూరకు బదులు గడ్డి తెచ్చుకొన్నారు. చిక్కల్లా, దానిని బ్రతికించడానికి తోటమాలి, తోలుతిత్తితో నీరు మోసే భిస్తీ కావలసివచ్చారు. 1856లో లాల్‌బాగు ప్రభుత్వ వృక్షశాస్త్రోద్యానం అయినది. 1870లో కబ్బన్ పార్కు ఏర్పడినది. ఇరవయ్యవ శతాబ్దపు మొదటి భాగంలో తోటల అధికారిగా ఉన్న జర్మను దేశస్థుడు క్రుంబీగల్, ఒక జాతి పూత ముగిసేసరికి మరొక జాతి పూసేటట్లు వీథుల వెంట చెట్లు నాటించాడు. బెంగుళూరుకు ఉద్యాననగరమనే పేరు న్యాయంగా తెచ్చినవి ఆ చెట్లే అని నా అభిప్రాయం. చెట్టు తన నీడతో తన నేలను తానే చల్లగా ఉంచుకొంటుంది. ఆ నీడలో గడ్డి తివాచీ సరిగా పెరగదు కూడాను.

ఇక నీటి సంగతి. పూర్వం ఈ నగరం చెరువుల మీద బ్రతికింది. ధర్మాంబుధి, సంపంగి, హలసూరు మొదలైన చెరువులు వాన నీటిని పట్టి ఉంచేవి. 1890లలో, శేషాద్రి అయ్యరు దివానుగా ఉన్న కాలంలో, ఊరికి వెలుపల హెసరఘట్ట నుండి గొట్టాలద్వారా నీరు వచ్చింది. 1933లో తిప్పగొండనహళ్ళి జలాశయం వచ్చింది. 1974లో కావేరి వచ్చింది. దూరపు నీరు వచ్చిన కొద్దీ దగ్గరి చెరువుల మీద శ్రద్ధ తగ్గింది. సంపంగి చెరువు క్రీడారంగం అయినది. ధర్మాంబుధిలో బస్సుస్టాండు వెలసింది. మన సీమ నుండి, కోస్తా నుండి బస్సెక్కి వచ్చి మెజెస్టిక్‌లో దిగిన మన కుటుంబాలు ఎన్నో, ఈ ఊరిలో మొదట అడుగు పెట్టినది ఒక చెరువు గర్భంలోనే. అది ఎందరికి తెలుసు?

కావేరి నీరు ఊరికే రాదు. సుమారు 100 కిలోమీటర్ల దూరం నుండి, తొరెకాడనహళ్ళి, హారోహళ్ళి, తాతగుణి అనే మూడు మజిలీలలో పంపులు ఎత్తి ఎత్తి పోస్తే ఈ పీఠభూమికి చేరుతుంది. ప్రతి బిందెకూ కరెంటు ఖర్చు ఉన్నది. ఎండాకాలంలో పచ్చిక పచ్చగా ఉండాలంటే చదరపు మీటరుకు రోజుకు 4 లీటర్ల వరకు పడుతుంది. వంద చదరపు మీటర్ల పచ్చికకు 400 లీటర్లు. పట్టణవాసికి రోజుకు 135 లీటర్లు కావాలని మన ప్రభుత్వాలవారి ప్రమాణం. అంటే ఆ పచ్చిక ఇంటిలో మరి ముగ్గురు మనుషుల వంటిది. వారికి స్నానం, వంట, బట్టల ఉతుకు అన్నీ జరిపినట్లే. 2023లో వానలు తప్పాయి. 2024 మార్చి నాటికి నగరంలోని సుమారు 14 వేల ప్రభుత్వ బోర్లలో సగం దాకా ఎండిపోయాయని ప్రభుత్వమే ప్రకటించింది. త్రాగే నీటిని తోటలకు, కార్లు కడగడానికి వాడరాదని, వాడితే 5,000 రూపాయల జరిమానా అని జలమండలి ఆజ్ఞ జారీచేసింది. హైదరు తోటను చూచి బుకానన్ వ్రాసిన మాట రెండు వందల ఇరవైనాలుగు సంవత్సరాల తరువాత ప్రభుత్వపు ఉత్తర్వు రూపంలో మరల వచ్చింది. అదే సంవత్సరం అక్టోబరులో కావేరి అయిదవ దశ ప్రారంభమై మరికొంత నీరు చేరింది. ఊపిరి సలిపింది, నిజమే. కాని హెసరఘట్ట వచ్చినప్పుడూ, తిప్పగొండనహళ్ళి వచ్చినప్పుడూ ఊపిరి సలిపింది.

ఇటువంటి చిక్కును మనకంటె ముందు, మనకంటె ఘోరంగా అనుభవించినవారు అమెరికావారు. ఆ దేశంలో ఇంటి ముందు పచ్చిక దాదాపు పౌరధర్మం. పొరుగువారి పచ్చికతో మన పచ్చిక కలిసిపోవాలి. కోయకపోతే కాలనీ సంఘాలు జరిమానా వేస్తాయి. ఉపగ్రహ చిత్రాల సాయంతో వేసి 2005లో వెలువరించిన ఒక అంచనా ప్రకారం ఆ దేశంలో పచ్చికల వైశాల్యం సుమారు 1,60,000 చదరపు కిలోమీటర్లు. నేటి ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమంతా గడ్డి పరచినట్లు! తూర్పు రాష్ట్రాలలో వాన ఉన్నది గనుక చెల్లింది. పడమట ఎడారిలోనూ అదే పట్టుదల. 1981లో డెన్వరు నగరపు నీటి శాఖవారు, తక్కువ నీటితో తోట వేసే పద్ధతికి "జెరిస్కేప్" అని పేరు పెట్టి ప్రచారం మొదలుపెట్టారు. గ్రీకు భాషలో జెరోస్ అంటే పొడి.

ఆ మాటను నిజంగా ఆచరణలో పెట్టినది లాస్ వేగాస్. జూదానికీ దీపాలకూ పేరుపడిన ఆ నగరం నీటి విషయంలో మాత్రం పిసినారి. ఏడాదికి వాన సుమారు 100 మిల్లీమీటర్లు. నీరు నూటికి తొంభై పాళ్ళు కొలరాడో నది నుండి, హూవరు ఆనకట్ట వెనుకనున్న మీడ్ జలాశయం నుండి రావాలి. 1928 నాటి చట్టం నెవడా రాష్ట్రానికి ఆ నదిలో ఏటా 3 లక్షల ఎకరం-అడుగులు మాత్రమే కేటాయించింది. ఆనాడు అక్కడ మనుషులే తక్కువ. 1999 నుండి ఆ నగరపు జలాధికారులు, గడ్డి తీసి ఎడారి మొక్కలు పెట్టుకొన్న గృహస్థులకు చదరపు అడుగుకు ఇంత అని డబ్బు ఇవ్వడం ప్రారంభించారు. ఒక చదరపు అడుగు గడ్డి తీస్తే ఏడాదికి 55 గ్యాలన్లు, అంటే సుమారు 200 లీటర్లు మిగులుతుందని కొలిచి చూచుకొన్నారు. ఇప్పటికి 20 కోట్ల చదరపు అడుగులకు పైగా గడ్డి తీసివేయబడింది. 2021లో నెవడా శాసనసభ ఇంకొక అడుగు ముందుకు వేసి, రోడ్ల నడుమ, కార్యాలయాల ముందు ఊరికే అలంకారానికి ఉన్న పచ్చికకు 2026 సంవత్సరాంతం తరువాత కొలరాడో నీరు పొయ్యరాదని శాసించింది. కోసే యంత్రం తప్ప మరెవరూ కాలు పెట్టని పచ్చిక ఎందుకని వారి ప్రశ్న. గోల్ఫు మైదానాలను మాత్రం విడిచిపెట్టారు; ధనికుల ఆట ఎక్కడైనా ధనికుల ఆటే. టెక్సాస్‌లో 2013లో ఒక చట్టం చేసి, తక్కువ నీటి తోటలు పెట్టుకొనేవారిని కాలనీ సంఘాలు అడ్డగించరాదన్నారు. అక్కడ స్థిరపడిన మన పిల్లలకు శనివారం గడ్డి కోత బాధ్యత తెలుసును. ఈ చట్టం సంగతి తెలుసునో లేదో!

లాస్ వేగాస్ కథలో మనం గమనించవలసిన సూక్ష్మం ఒకటున్నది. అక్కడ స్నానాలగదిలో, వంటింట్లో వాడిన నీరు శుద్ధియై తిరిగి మీడ్ జలాశయానికే పోతుంది. పోయినంత నీరు మళ్ళీ తీసుకొనే హక్కు వారికున్నది. గడ్డికి పోసిన నీరు మాత్రం ఆవిరైపోతుంది, తిరిగి రాదు. అందుకే వారు ఇంటిలో వాడకం మీద కంటె ఇంటి ముందు వాడకం మీద కన్నువేశారు.

బెంగుళూరుకూ అటువంటి మార్గం ఒకటి ఏర్పడింది; అది మనవారికి దగ్గర సంబంధమున్నది. 2018 నుండి నగరంలోని కోరమంగల, చల్లఘట్ట లోయల మురుగునీటిని శుద్ధిచేసి కోలారు జిల్లా చెరువులకు పంపుతున్నారు. ముళబాగిలు, శ్రీనివాసపురం వైపు ఇళ్ళలో తెలుగు వినిపించే పల్లెలెన్నో చదువరులకు తెలిసిన విషయమే. మన బంధువులే అక్కడ కొందరు టమాటా, రాగి పండించేవారు. ఆ శుద్ధి చాలునా, భూగర్భజలం చెడిపోదా అనే వాదం కోర్టుల దాకా వెళ్ళింది. ఆ ఆందోళన అర్థంలేనిది కాదు, శుద్ధి ఇంకా మెరుగుపడవలసినదే. అయినా ఎండిన చెరువులలో నీరు నిలిచిన మాట వాస్తవం. మన వంటింటి తూములో పోసిన చెంబెడు నీటికి ఏదో ఒక చెరువు చేరే అవకాశమున్నది. పచ్చిక మీద పోసిన చెంబెడుకు ఆ అవకాశం లేదు.

గడ్డి తీసివేస్తే మరి ఏమి పెట్టాలి? ఇక్కడ పేర్ల తమాషా ఒకటి చెప్పాలి. మన నర్సరీలలో మెక్సికన్ గడ్డి అని అమ్మేది మెక్సికోది కాదు, తూర్పు ఆసియాది. అమెరికా దక్షిణ రాష్ట్రాల పచ్చికలలో విరివిగా పరచే బెర్ముడా గడ్డి బెర్ముడా దీవులది కాదు. అది సాక్షాత్తు మన గరిక! వినాయకుడికి పెట్టే గరికనే వారు మడులు కట్టి, గంటకొకసారి నీరు చిమ్మే యంత్రాలు పెట్టి పెంచుతున్నారు. గరికకు అంత నీరు అవసరం లేదు. ఎండలో పైపోచ పండిపోయినా నేలలోని కాడ బ్రతికే ఉంటుంది, తొలకరికి లేస్తుంది. ఏడాది పొడుగునా పచ్చగా, వేలెడు ఎత్తున, దువ్వినట్లు ఉండాలన్నప్పుడే దానికి దాహం పుడుతుంది. ఎండల రెండు నెలలు రంగు మారితే ఓర్చుకోగలిగిన ఇంటికి గరికను మించిన నేలకప్పు లేదు.

గరిక తరువాత చెప్పవలసినది బొక్కెనాకు. చెరువు కట్టల మీద, మడి గట్లమీద చాపలాగా పాకే తీగ. తమిళులు పొడుదలై అని తలనూనెలో వేసి కాచుకొంటారు. కణుపు కణుపునా వేరు దిగుతుంది. తెల్లగా, లేత గులాబీ ఛాయతో బొత్తాములంత పూలు పూస్తుంది. ఈ జాతి మొక్కనే జపానులో మెరుగుపరచి, "కురాపియా" అని పేరు పెట్టి, కాలిఫోర్నియాలో గడ్డికి బదులుగా అమ్ముతున్నారు. మన గట్టున ఎవరూ పట్టించుకోని మొక్క అక్కడ పళ్ళెంలో పెట్టి అమ్ముడుపోతున్నది. దానికి రెండు దోషాలున్నవి. పూతకు తేనెటీగలు వస్తాయి గనుక, పిల్లలు వట్టి కాళ్ళతో ఆడేచోట అప్పుడప్పుడు పూలు కోసివేయాలి. రెండవది, దీని దాయాది ఒకటి దక్షిణ అమెరికా నుండి ఆస్ట్రేలియా చేరి అక్కడి నదీతీరపు మేతబీళ్ళను ఆక్రమించి పశుపోషకులను ఏడిపించింది. ఒకచోట సాధువైనది మరొకచోట కూడా సాధువనుకోరాదు. నగరంలో రోడ్ల నడుమ పచ్చ పూలతో మెరిసే వెడీలియా కూడా నీరు తక్కువ తాగేదే. కాని అది అమెరికా ఖండపు తీగ, పక్కన మరొక మొక్కను బ్రతకనివ్వదు. నీరు తక్కువ తాగినంత మాత్రాన ఈ నేలది అయిపోదు.

ఎర్రమట్టి, గులకరాయి ఉన్న మెరకల మీద విష్ణుక్రాంత బాగా ఉంటుంది. ఆ చిన్న నీలి పువ్వును చూచినవారు మరువరు. కాని అది తొక్కుడుకు ఆగదు. అటికమామిడికి సంస్కృతంలో పునర్నవ అని పేరు. పైన ఎండిపోయి, వానకు దుంపవేరు నుండి మళ్ళీ క్రొత్తగా లేస్తుంది గనుక ఆ పేరు. గంగవావిలి రసముగల ఆకులతో ఎండను తట్టుకొంటుంది. పైగా పప్పులో వేసుకోవచ్చును. మెక్సికన్ గడ్డికి ఆ సుగుణం లేదు! పల్లేరు సంగతి మాత్రం అడగకండి. నీరు అక్కరలేని నేలకప్పు మొక్కలలో అది అగ్రగణ్యమే. అమెరికా చేరి అక్కడి సైకిలు చక్రాలను కూడా బాధిస్తున్నది. ఇక ఏమీ పెట్టక నేలను వట్టిగా వదిలేస్తే వయ్యారిభామ వచ్చి కూర్చుంటుంది. దానితో వచ్చే తుమ్ములూ దద్దురులూ మన కుటుంబాలలో అనేకులకు అనుభవమే.

నాటడానికి అదను తొలకరి. గడ్డి పలకలను ఎత్తివేసి, తుంగ గడ్డలను ఓపికగా ఏరివేయాలి. ఈ పని సగంలో వదిలితే మొదటి సంవత్సరమే తుంగ గెలుస్తుంది. తరువాత బొక్కెనాకు కాడలను అడుగు దూరంలో నాటి, వానలు లేని రోజులలో రెండు నెలలపాటు తడిపితే చాలును. కార్తీకానికి నేల కనబడదు. మరుసటి వేసవిలో వారానికి ఒకటి రెండు తడులు, అవి బియ్యం కడిగిన నీరైనా, కూరలు కడిగిన నీరైనా సరే.

మన సంఘ భవనం ముందున్న పచ్చిక సుమారు వెయ్యి చదరపు అడుగులు. పైన వేసిన లెక్క దానికి అచ్చంగా సరిపోతుంది. వేసవిలో రోజుకు దాదాపు 400 లీటర్లు. 2024 వేసవిలో ట్యాంకరు నీటికి మన కోశాధికారిగారు ఎంత చెల్లించారో ఆ సంవత్సరపు జమాఖర్చుల పట్టికలో ఉన్నది. సభ్యులు మరియొకసారి చూడగోరుతాను. పిల్లలు బంతి ఆడుకొనే పడమటి సగంలో గరిక ఉండవలసినదే. దానిని ఎండకు రంగు మారనిద్దాము. ఎవరూ కాలు పెట్టని తూర్పు సగంలో, మెట్ల ప్రక్కనా, ధ్వజస్తంభం చుట్టూ బొక్కెనాకూ విష్ణుక్రాంతా వేసుకోవచ్చును. కోలారు వైపు చుట్టరికాలున్న సభ్యులు ఒక గోనెసంచెడు బొక్కెనాకు కాడలు తెస్తే నాటుకు చాలును, పైసా ఖర్చు లేదు. తీర్మానం సర్వసభ్య సమావేశంలో ప్రవేశపెట్టదలచినాను. ఆషాఢం దాటితే అదను పోతుంది గనుక సమావేశం జ్యేష్ఠంలోనే జరిపించవలసినదిగా కార్యదర్శిగారిని కోరుతున్నాను.